మన ఆరోగ్యము: తొడలో సలుపు, ఎముకల మాత్ర



రాజాం దగ్గర ఒక పల్లె సంఘము నుండి ఒక సహోదరి ఉత్తరం వ్రాశారు. వారి అత్తగారికి 68 ఏండ్లు. ఏడేండ్ల క్రితం నడుము వంగిపోతున్నదని విశాఖపట్నం తీసుకొని వెళ్లగా, ఎముకలు గుల్లబారినవని చెప్పి వారానికొకటి వేసుకొనే మాత్ర వ్రాసి యిచ్చారట. మరల డాక్టరుకు చూపించుకోలేదు గాని, ఆ పాత చీటీ చూపి మందుల షాపులో మాత్రలు మాత్రం మానకుండా కొంటున్నారు. ఇప్పుడు రెండు నెలలుగా కుడి తొడ లోపల సలుపు. నడిస్తే ఎక్కువ, కూర్చుంటే తక్కువ. ఊళ్లో వైద్యం చేసే ఆయన వాతమని ఇంజెక్షన్లు చేస్తున్నారు. మా అత్తగారి కొరకు ప్రార్థించండి, ఏ నూనె రాయాలో తెలుపండి అని ఆ సహోదరి కోరారు.

అమ్మా, ప్రార్థిస్తున్నాము. నూనె సంగతి తరువాత చూద్దాం. ముందు మీ అత్తగారికి రెండు తొడలకూ ఎక్స్‌రే తీయించండి. ఎందుకో ఈ నెల చెబుతాను.

ఆ మాత్ర పేరు అలెండ్రోనేట్. 1995లో అమెరికా ప్రభుత్వము ఎముకలు గుల్లబారిన స్త్రీల కొరకు దానిని అనుమతించింది. మన తాటాకు ఇంటి కప్పు చూడండి. చివికిన ఆకు తీసి కొత్త ఆకు వేస్తేనే ఇల్లు నిలుస్తుంది. ఎముకలోనూ దేవుడు అటువంటి ఏర్పాటే చేశాడు. పాత ఎముకను తొలిచే కణాలు కొన్ని, ఆ చోట కొత్తది పేర్చే కణాలు కొన్ని. ముట్లు ఆగిన తరువాత స్త్రీలలో తొలిచే పని ఎక్కువై ఎముక పలుచబడుతుంది. ఈ మాత్ర తొలిచే కణాల చేతులు కట్టివేస్తుంది. ఎముక నిలుస్తుంది, తుంటి విరగడము తగ్గుతుంది. ఇది మేలే. అయితే నడకలోనూ బరువులు మోయడంలోనూ తొడ ఎముకకు కంటికి కనబడనంత చిన్న పగుళ్లు పడుతూనే ఉంటాయి. ఏండ్ల తరబడి తొలిచి బాగుచేసే పని సాగకపోతే ఆ పగులు నిలిచిపోయి, కొందరిలో పెద్దదవుతుంది. తొడ ఎముక బయటి పక్క లాగుడు ఎక్కువ గనుక అది అక్కడే మొదలవుతుంది.

ఆదికాండము 32వ అధ్యాయములో యాకోబుకు దెబ్బ తగిలింది తొడగూటి మీద, అనగా కీలు చోట. పెద్దవయసు వారు జారిపడితే విరిగేది కూడా సాధారణంగా ఆ కీలు దగ్గరే. నేను చెప్పేది దానికంటె కిందుగా, తొడ ఎముక పొడవాటి భాగంలో విరగడము. పడనక్కరలేదు. గడప దాటుతూనో, మంచము మీద నుండి లేస్తూనో సుద్దముక్క విరిగినట్లు అడ్డంగా విరుగుతుంది.

ఇది మొదట లోకానికి చెప్పినవారిలో ఒక స్త్రీ డాక్టరు ఉన్నారు. అమెరికా దేశస్థురాలు జెన్నిఫర్ ష్నైడర్. 2001లో, 59 ఏండ్ల వయసులో, న్యూయార్క్‌లో భూగర్భ రైలులో నిలబడి ఉండగా బండి ఒక్క కుదుపు కుదిపింది. ఆమె తొడ ఎముక విరిగింది. ఏండ్లుగా ఆమె వాడుతున్నది ఈ మాత్రే. తానే డాక్టరు గనుక 2006లో తన సంగతి వైద్య పత్రికలో వ్రాశారు. అంతకు ముందు 2005లో డల్లాస్ డాక్టర్లు ఇటువంటి మాత్రే వాడిన 9 మంది సంగతి వ్రాశారు. 2007లో సింగపూర్ డాక్టర్లు ఇలాగే చిన్నపాటి కారణానికే తొడ విరిగిన 13 మంది స్త్రీలను పరిశీలిస్తే 9 మంది అలెండ్రోనేట్ వాడుతున్నవారే. 2010 అక్టోబరులో అమెరికా ఔషధ శాఖ మందు కాగితం మీద ఈ హెచ్చరిక ముద్రించాలని ఆజ్ఞాపించింది.

వారందరి అనుభవములో మనకు పనికివచ్చేది ఒకటున్నది. ఎముక విరగక ముందే, కొన్ని వారాలో నెలలో, చాలామందికి తొడలోనో గజ్జలోనో సలుపు వచ్చింది. మీ అత్తగారి సలుపు అదే అని ఇక్కడ కూర్చొని నేను చెప్పలేను. నడుము నరము నొక్కుకున్నా, తుంటి కీలు అరిగినా తొడ సలుపుతుంది. తేల్చేది ఎక్స్‌రే. ఎముక బయటి అంచున చిన్న బొడిపె కనబడితే అనుమానించాలి. ఎక్స్‌రేలో తెలియకపోతే ఎం.ఆర్.ఐ. తీస్తారు. ఒక కాలిలో ఉన్నది రెండవ కాలిలోనూ ఉండవచ్చు గనుక రెండు తొడలూ తీయించమన్నాను. శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రులలోనూ, విశాఖ కె.జి.హెచ్.లోనూ ఎముకల డాక్టర్లు ఉన్నారు. పాత చీటీ, మాత్రల అట్ట వెంట తీసుకొని వెళ్లండి. ఎన్నేండ్లు వేసుకున్నారో మీరే నోరు తెరచి చెప్పండి, అడిగే తీరిక వారికి ఉండదు.

పగులు ముందే తెలిస్తే మాత్ర ఆపి, కాలి మీద బరువు తగ్గించి, కాల్షియం, డి విటమిన్ సరిచేస్తారు. అవసరమైతే ఎముక లోపల రాడ్ వేస్తారు. విరిగిన తరువాత రాడ్ దాదాపు తప్పదు, మానడానికి నెలలు పడుతుంది.

ఇది చదివి ఎవరూ మాత్రలు చెరువులో పారవేయవద్దు. దక్షిణ కాలిఫోర్నియాలో 1,96,129 మంది స్త్రీలను పరిశీలించి 2020లో ప్రకటించిన లెక్క ఉన్నది. వారిలో ఈ విధంగా తొడ విరిగినవారు 277 మంది. ఆసియా సంతతి స్త్రీలు 10,000 మంది మూడేండ్లు ఈ జాతి మందు వాడితే 91 తుంటి విరుగుళ్లు తప్పుతాయి, 8 మందికి ఈ తొడ ముప్పు రావచ్చు. తెల్లవారిలో అయితే 149 తప్పుతాయి, 2 వస్తాయి. కాబట్టి మేలే ఎక్కువ, అయితే ముప్పు మనవంటి ఆసియావారికి కొంత హెచ్చు. వాడిన ఏండ్లు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది, ఆపితే త్వరగా తగ్గుతుంది. అందుకే మాత్ర అయిదేండ్లు, ఏడాదికొకసారి సెలైనుతో ఎక్కించే మందు మూడేండ్లు అయ్యాక, కొనసాగించాలా కొంతకాలం ఆపాలా అని డాక్టరు మరల చూడాలి. చీటీ పాతదైపోతే షాపువాడు చెప్పడు. ఆరునెలలకు ఒకసారి డెనోసుమాబ్ ఇంజెక్షన్ వేసుకొనేవారు మాత్రం తమంతట తాము ఆపకూడదు. దానిని హఠాత్తుగా మానితే వెన్నుపూసలు విరిగే భయం ఉన్నది.

నొప్పులకు ఊళ్లో చేసే ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ ఉంటుందేమో అడిగి తెలుసుకోండి. ఏడాదికి మించి స్టెరాయిడ్ వాడినవారికి ఈ తొడ ముప్పు మరింత.

ఉద్దానం పాఠకులకు వేరే మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు క్రియాటినిన్ అనే మాట తెలియని ఇల్లు లేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఈ మాత్ర ఇవ్వరు. వారి ఎముకల బలహీనతకు కారణము వేరు, మందు వేరు. మాత్ర మొదలుపెట్టక ముందే ఆ రక్త పరీక్ష చేయించుకోవాలి.

డి విటమిన్ తక్కువగా ఉన్నవారికి ముందు దానిని సరిచేయాలి. ఎండలో పని చేసే పల్లెవారికి కొరత ఏమిటంటారేమో, తిరుపతి డాక్టర్లు చుట్టుపక్కల పల్లెలలో చూసినప్పుడు అక్కడా లోటే కనబడింది, తినే తిండిలో కాల్షియమూ తక్కువే. మన చోళ్లలో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. మన పెద్దలు తాగిన అంబలి మనము మాని టీ పట్టుకున్నాము.

చాలామంది గుర్తుంటుందని ఆదివారము ఉదయం మాత్ర వేసుకుంటారు. పరగడుపున, గ్లాసెడు మంచినీళ్లతో, టీతో కాదు. అరగంట వరకు పడుకోకూడదు, ఏమీ తినకూడదు. లేకపోతే గొంతు, అన్నవాహిక పుండు పడతాయి. కాల్షియం మాత్ర ఆ పూట కలపవద్దు.

రాజాం సహోదరికి చివరగా: మీ అత్తగారు ఎక్స్‌రే తీయించుకొనే వరకు ఈ వారం మాత్ర వేయవద్దు, డాక్టరుకు ఆ మాట చెప్పండి. చేతికర్ర ఇవ్వండి. నీళ్ల బిందె ఎత్తనీయకండి, వాకిట్లో గొంతుకూర్చొని పనిచేయనీయకండి. ఫలితము తెలిసిన తరువాత ఒక కార్డు ముక్క వ్రాయండి.