బంతి వేయువానికి నేల కావలెను

2025 ఆగస్టు 4వ తేదీ యుదయమున లండను ఓవల్ మైదానములో ఇంగ్లండుకు విజయమునకు కావలసిన పరుగులు 35. చేతనున్న వికెట్లు నాలుగు. ఆ నాలుగింటిలో మూడింటిని హైదరాబాదు వాస్తవ్యుడగు మహమ్మద్ సిరాజ్ పడగొట్టెను. భారతజట్టు 6 పరుగులతో గెలిచినది. ముందునాడు బ్రూక్ కొట్టిన బంతిని పట్టియు, సరిహద్దు త్రాటిపై అడుగిడుటచే ఆ క్యాచి వ్యర్థమైనది. బ్రూక్ శతకము చేసెను. తెల్లవారినపిమ్మట సిరాజే విజయమును తెచ్చెను. ఆ యైదు టెస్టులలోను ఆడి, 185 ఓవర్లకు మించి వేసి, 23 వికెట్లు గొనిన వాని శ్రమ యెట్టిదో, మండుటెండలో మిరపకాయల టిక్కీలు మోయు గుంటూరు కూలీకి వేఱుగ చెప్పనక్కఱలేదు.

సిరాజ్ ఆటో నడుపు తండ్రికి జన్మించినవాడు. వీథులలో టెన్నిసు బంతితో ఆడి, చాల ఆలస్యముగా తోలుబంతిని చేపట్టినవాడు. 2015లో రంజీ పోటీలలో ప్రవేశించి, 2016-17లో 41 వికెట్లు తీసికొనెను. 2017 ఐ.పి.ఎల్. వేలములో వాని వెల 2 కోట్ల 60 లక్షల రూపాయలు పలికినది. 2020 నవంబరులో ఆస్ట్రేలియాలో నుండగా తండ్రి గతించెను. అతడు ఇంటికి మరలక, ఆ డిసెంబరులో మెల్బోర్నున తొలిటెస్టు ఆడెను. సిడ్నీలో కొందఱు ప్రేక్షకులు జాతినిందకు పాల్పడగా, మౌనముగ దిగమ్రింగక న్యాయనిర్ణేతలకు తెలిపెను, ఆట మానలేదు. తరువాత బ్రిస్బేనులో నొక యిన్నింగ్సున 5 వికెట్లు గొనెను. అవమానమునకు ఫిర్యాదు చేయుట, పని మానకుండుట, రెండును ఆత్మగౌరవమేయని మన యువకులు గ్రహింతురుగాక!

ప్రతిభ యెక్కడనైనను పుట్టును. కాని దానిని కనుగొను కన్ను ఉండవలెను. సిరాజ్ మహానగరమున నుండుటచే అట్టి కన్ను వానిపై బడినది. మన ప్రత్తి, మిరప మైదానములలో ఎందఱు సిరాజులు ఎవరి కంటను బడక కాలము గడపుచున్నారో! ఈ సీమ ప్రతిభాశూన్యము కాదు. వికెట్ కీపరు ఎం.ఎస్.కె. ప్రసాదు గుంటూరువాడే; బ్యాటరు అంబటి రాయుడు జన్మించినదియు గుంటూరుననే. ఇక వేగముగా బంతి వేయువానికై యెదురుచూచుచున్నాము.

ఆ వేగము ఊరక రాదు. బౌలరు పరుగెత్తివచ్చి ముందుకాలు మోపినపుడు శరీరభారమునకు ఎన్నో రెట్లు బలము ఆ కాలిపై బడును. ఎదుగు వయస్సున మితిమీరి వేసినచో వెన్నెముకలో పగుళ్లు కలుగును. మనబాలురకో, ప్రత్తికట్టె పీకినచేనే మైదానము. వేసవిలో నల్లరేగడి నెఱ్ఱెలు విచ్చును. అట్టినేలపై వట్టికాళ్లతో పరుగెత్తువాని మడమ నిలుచునా, నడుము నిలుచునా?

"ఆట కూడు పెట్టునా?" యని తల్లిదండ్రులు అడుగుట న్యాయమే. 2021 నుండి రంజీ ఆటగాండ్రకు ఆడిన మ్యాచిల సంఖ్యనుబట్టి దినమునకు 40 వేలు మొదలు 60 వేల రూపాయలవఱకు ఒసగుచున్నారు. కాని జట్టున ఆడువారు పదునొకండ్రే. తక్కినవారు, గాయపడినవారు, ముప్పదియేండ్లకే వెనుకబడినవారు ఏమి కావలెను? 2024లో తెలంగాణ ప్రభుత్వము సిరాజునకు పోలీసుశాఖలో డి.ఎస్.పి. పదవి నిచ్చినది, అది ప్రపంచకప్పు గెలిచిన జట్టువానికి దక్కిన గౌరవము, అందఱకు దక్కునది కాదు. కావున చదువు మానిపించి పిల్లలను ఆటలోనికి నెట్టుడని మేము చెప్పము.

మేము కోరునది స్వల్పము. నరసారావుపేట, చిలకలూరిపేట, వినుకొండ, అద్దంకి వంటి ప్రతి పట్టణమునను రోలరు త్రొక్కిన పిచ్చి గల మైదానమొక్కటి యుండవలెను. ఎదుగు బాలుడు దినమునకు ఎన్ని ఓవర్లు వేయవచ్చునో గురువునకు, తండ్రికి తెలిసియుండవలెను. ఎంపికచేయువారు పల్లెటూళ్ల పోటీలకు తామే రావలెను. ఆడినను ఆడకున్నను చదువు సాగవలెను. మిర్చివర్తకులు, జిన్నింగుమిల్లుల యజమానులు తలచుకొన్నచో ఇది యొక పంటకాలపు పని. జయమువచ్చిన రాత్రి బాణాసంచా కాల్చుటకు మనము వెనుదీయము. ఆ వ్యయములో కొంత ముందుగా నేల చదును చేయుటకు వెచ్చింపుడని సోదరులకు మా మనవి.