విచారణ వీలుకాదట!

రైల్వేలో చిన్న తప్పుకైనా చార్జిషీటు చేతికొస్తుంది. దానికి జవాబు రాయాలి, ఎంక్వైరీకి వెళ్లాలి, తోడుగా డిఫెన్స్ హెల్పర్‌ను పెట్టుకోవచ్చు. ఈ తతంగమంతా 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నిబంధనల్లో ఉంది. దాన్నంతటినీ పక్కకు నెట్టే 14(ii) నిబంధన కూడా అందులోనే ఉంది. విచారణ జరపడం సాధ్యపడదని అధికారి కారణం రాసి సంతకం పెడితే చాలు, మనిషిని ఇంటికి పంపేయవచ్చు. దీనికి రాజ్యాంగం 311వ అధికరణమే దన్ను.

1981 సమ్మెలో పాల్గొన్న లోకో రన్నింగ్ స్టాఫ్ మీద ఈ నిబంధననే ప్రయోగించారు. ఇంజన్ నడిపేవాళ్లు పది గంటల డ్యూటీ కోసం 1973 నుంచీ పోరాడుతున్నారు. ఎవరు ఏం చేశారో విచారించకుండానే ఉద్యోగాలు తీసేశారు.

1985 జులై 11న తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఈ మినహాయింపు చెల్లుతుందంది. కాకపోతే అధికారి ఇష్టానుసారం విచారణ ఎగ్గొట్టడానికి వీల్లేదనీ, అప్పీలు దశలోనైనా ఉద్యోగి విచారణ కోరవచ్చనీ చెప్పింది. ఆ కొసరు మాటే కార్మికులకు దొరికిన ఆసరా. అది పట్టుకుని ట్రిబ్యునళ్లకు తిరిగారు. 1990లో ఒక ట్రిబ్యునల్ ఆ తొలగింపు ఉత్తర్వులు నిలవవని తేల్చినా, రైల్వే ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లింది.

1993 ఆగస్టు 5న తీర్పు వచ్చింది. తొలగించినవాళ్లను మూడు నెలల్లో తిరిగి తీసుకోవాలి, మూడేళ్ల జీతానికి సమానమైన పరిహారం ఇవ్వాలి. రిటైరైనవాళ్లకూ అది వర్తిస్తుంది, చనిపోయినవాళ్ల సొమ్ము వారి మీద ఆధారపడినవాళ్లకు చేరాలి. పింఛను లెక్కకు మధ్యకాలం కలుస్తుంది, ప్రమోషన్లు మాత్రం లేవు. గెలుపే, కాదనను. అయితే 1981లో 46 ఏళ్లున్న డ్రైవరు ఆ తీర్పు నాటికి 58 నిండి రిటైరైపోయాడు. పన్నెండేళ్ల నష్టానికి మూడేళ్ల జీతం ఏ లెక్కన న్యాయమో నాకైతే బోధపడలేదు.

సమ్మె వేళ సాక్షులు భయపడతారని, పరిస్థితి చేయిదాటుతుందని యాజమాన్యం అంటుంది. నిజమే అనుకుందాం. అందుకు సస్పెన్షన్ ఉందిగా! గొడవ సద్దుమణిగాక విచారించి, తప్పు రుజువైతే తీసేయండి, ఎవరొద్దన్నారు? ఆరోపించేదీ, శిక్షించేదీ, విచారణ అక్కర్లేదని తేల్చేదీ ఒకే కార్యాలయమైతే దాన్ని క్రమశిక్షణ అనలేం.

ఉత్తర్వు ఇచ్చిన ఆరు నెలల్లోగా విచారణ జరిపి తీరాలని, లేకుంటే అది రద్దవుతుందని నిబంధనలో ఒక్క వాక్యం చేర్చాలి. రైల్వే బోర్డుకు ఇది కష్టమైన పనేం కాదు. 14(ii) మాత్రం ఇవాళ్టికీ పుస్తకంలో అలాగే ఉంది.