మెడ మీద బతుకు

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి బస్తా ఎత్తే హమాలీకి, ప్రొద్దుటూరులో మగ్గం గుంటలో తల వంచి కూర్చునే నేతన్నకు మెడే పెట్టుబడి. ఆ మెడలోని 7 ఎముకల నడుమ మెత్తల్లా ఉండే డిస్కులు వయసుతో అరుగుతాయి. చాలామందికి మందులు, వ్యాయామంతోనే నయమవుతుంది. కానీ చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్లు సహకరించకపోయినా, చేతిలోని ముద్ద జారిపోతున్నా, నడకలో తూలుతున్నా వెన్నుపాము నలుగుతోందేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు నరం పట్టిందనుకుని మెడ విరిపించుకోవడం మహా ప్రమాదం.

శస్త్రచికిత్స తప్పనప్పుడు పాత పద్ధతిలో చెడిన డిస్కు తీసేసి రెండెముకలను అతికిస్తారు. నొప్పి తగ్గుతుంది, అక్కడ కదలిక పోతుంది, పైనా కిందా ఉన్న డిస్కులపై భారం పెరుగుతుంది. అతికించే బదులు ఆ చోట అమర్చే కృత్రిమ డిస్కు ఆ కదలికను నిలుపుతుంది. అమెరికాలో దీనికి 2007లోనే అనుమతి వచ్చింది. అయితే ఇది అందరికీ సరిపడదు. ఎముకలు గుల్లబారినవారికి, మెడ కీళ్లు బాగా అరిగినవారికి అతికించడమే మేలు. ఆ తేడా తేల్చాల్సింది నిపుణుడు, రోగి జేబు కాదు.

అందుకే కర్నూలు సర్వజన ఆసుపత్రిలో, కడప రిమ్స్‌లో వారానికొక రోజైనా వెన్నెముక రోగులకు ప్రత్యేక ఓపీ నడపాలి. ఎమ్మారై ఆలస్యం కాకూడదు. కృత్రిమ డిస్కు తగునని వైద్యులు తేల్చిన పేదవాడికి దాని ఖర్చును ప్రభుత్వమే పూర్తిగా భరించాలి. మళ్లీ బస్తా ఎప్పుడు ఎత్తవచ్చో, అసలు ఎత్తవచ్చో లేదో ఇంటికి పంపేముందే అతనికి విడమరిచి చెప్పాలి.