చెల్లెతో వీడియో తీసేయించింది మేమే

పోస్టు కొంచెం పొడుగున్నది. బస్సులో కూర్చున్నప్పుడు తీరికగా చదవండి. మేము అంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో చదువుకుంటున్న ఐదుగురం. అందరం కలిసి రాసినం, తప్పు కూడా అందరిదే కాబట్టి.

మిర్యాలగూడ దిక్కు ఒక తండా అక్క ఫోన్లో మేకప్ వీడియోలు చేస్తది. సగం తెలుగు, సగం గోర్‌బోలి. కాటుక ఎట్లా పెట్టాలి, నల్లటి మొకానికి ఏ రంగు లిప్‌స్టిక్ నప్పుతది, పెళ్ళికి జడ ఎట్లా వేసుకోవాలి, ఇట్లాంటివి. మన బాసలో చెప్పే మనిషి దొరికిందని అందరికీ పంపింది మేమే. ఒకరోజు ఆమె ఒక క్రీమ్ చూపించింది. "పది రోజులు రాసుకున్న, చూడుండ్రి నా మొకం" అన్నది. నిజంగానే మొకం తేటగా ఉన్నది.

కోదాడలో ఇంటర్ చదివే ఒక చెల్లె అది చూసి 320 రూపాయలు పెట్టి ట్యూబ్ తెచ్చుకున్నది. రెండు వారాలకే హాస్టల్లో "ఏం రాస్తున్నవే?" అని అడగడం మొదలుపెట్టిన్రు. ఆ సంతోషంలో రెండో ట్యూబ్ కూడా కొన్నది. అది అయిపోయేసరికి పరీక్ష ఫీజు అడ్డమొచ్చింది, మూడోది కొనలేకపోయింది. మానేసిన నాలుగు రోజులకు మొకం ఎర్రబడ్డది. ఎండలోకి పోతే మంట. చెంపల నిండా సన్నటి గుల్లలు. తర్వాత మచ్చలు పడ్డయి, ముందున్న రంగు కంటే నల్లగా.

ఆ చెల్లె ఒకటిన్నర నిమిషం వీడియో చేసింది. "ఈ క్రీమ్ నాకు పడలేదు. రాసుకునేటోళ్ళు ఒకసారి డాక్టర్‌కు చూపించుకోండి" అన్నది, అంతే. ఎవరినీ తిట్టలే. అక్క పేరు కూడా తియ్యలే.

దాని కింద మనోళ్ళు రాసిన మాటలు మనందరికీ గుర్తే. "నీకు పడకపోతే అందరికీ పడదా?" "మనోళ్ళు ఇప్పుడిప్పుడే పైకొస్తున్నరు, నువ్వు కాళ్ళు పట్టి గుంజుతవా?" "అక్కను చూస్తే కుళ్ళు." ఒకరైతే "ముందే నల్లగుంటివి, క్రీమ్‌నెందుకు అంటవ్" అని రాసిన్రు. రాసింది కూడా మన పిల్లగాడే. మేము ఏం చేసినం? చెల్లెకు ఫోన్ చేసి "గొడవెందుకమ్మా, తీసేయరాదు" అన్నం. ఆమె తీసేసింది.

తర్వాత మాలో ఇద్దరం ఆమెను తీసుకొని సూర్యాపేటలో చర్మ డాక్టర్ దగ్గరకు పోయినం. డాక్టరమ్మ ట్యూబ్ చూడకముందే, మొకం చూసి, "ఎన్ని నెలలు రాసినవ్?" అని అడిగింది. స్టెరాయిడ్ అని చెప్పింది. ఆమె చెప్పింది మాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నం, ఎందుకంటే అసలు కథ దీంట్లోనే ఉన్నది.

బెటామెథసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్ అనేవి స్టెరాయిడ్ మందులు. దురద, ఎగ్జిమా లాంటి జబ్బులకు డాక్టర్ లెక్క ప్రకారం, కొన్నాళ్ళే రాస్తరు. వీటిని మొకానికి రాస్తే చర్మం కింద ఉన్న సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటయి, వాపు, ఎరుపు తగ్గుతయి. మొకం తెల్లగా, నున్నగా కనిపిస్తది. కొన్ని క్రీముల్లో దీనికి హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా కలిపి ఉంటయి. అది మంగు మచ్చలకు కొద్దికాలం వాడే మందు, రోజూ పౌడర్ లెక్క పూసుకునేది కాదు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడతది. మానేస్తే అణిగి ఉన్నదంతా ఒక్కసారే పైకి తంతది. ఎరుపు, మంట, మొటిమలు. మళ్ళా రాస్తే తగ్గుతది. కాబట్టి మళ్ళా కొంటరు. కల్లు అలవాటైనట్టే మొకానికి ట్యూబ్ అలవాటైతది. చర్మ డాక్టర్ల సంఘం చాలా ఏండ్ల నుంచి మొత్తుకుంటుంటే, 2018లో కేంద్రం ఇట్లాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ అడిగిన మెడికల్ షాపు మీకు ఎన్నిసార్లు కనిపించిందో మీరే చెప్పండి.

ఇప్పుడు మళ్ళా ఆ అక్క వీడియో దగ్గరికి పోదాం. ఆమె అబద్ధం చెప్పిందా? లేదు. పదో రోజు ఆమె మొకం నిజంగానే తేటగా ఉన్నది. చెల్లెకు కూడా పదో రోజున అట్లనే ఉన్నది. పదో రోజు చెప్పిన మాట నిజం, అరవయ్యో రోజుకు అదే మాట అబద్ధమైంది. మనలో చాలామంది నిజాయితీ అంటే "లేనిది చెప్పకపోవడం" అనుకుంటరు. క్రీముల విషయంలో అది సరిపోదు. పదో రోజు పొగిడిన మనిషి అరవయ్యో రోజు తిరిగొచ్చి ఏమైందో చెప్పాలె. కెమెరా ముందు తెరిచిన డబ్బా అయిపోయినంక కూడా చూపించాలె. కంపెనీ పైసలు ఇచ్చేది మొదటి వీడియోకే, రెండోదానికి ఇయ్యదు. రెండో వీడియో మనకోసం మనమే చేసుకోవాలె. ఆ చెల్లె చేసింది సరిగ్గా అదే, దాన్నే మేము తీసేయించినం.

అక్కకు కూడా ఫోన్ చేసినం. మొదట కోపం చేసింది. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలే. తర్వాత అన్నది: "నాకు కూడా ట్యూబ్ అయిపోయినంక మంట పుట్టిందిరా. కానీ అప్పటికే పదిహేను వందలు తీసుకున్న. బాపు మందులకు అయిపోయినయి."

ఈ మాట విన్నంక ఆమెను దోషిలాగా నిలబెట్టి రాయడం మావల్ల కాలేదు. తండాలో పుట్టిన ఆడపిల్ల తన మొకంతో, తన బాసతో సంపాదించిన మొదటి పైసలు అవి. పత్తి ఏరడానికి పోతే, మిరపకాయలు తెంపడానికి పోతే అన్ని పైసలకు ఎన్ని రోజులు వంగాలో మన ఇండ్లల్లో అందరికీ తెలుసు. కానీ ఒక్కటి చూడండి. ఇన్నేండ్లుగా ఏ సబ్బు ప్రకటనలో మనసొంటి మొకం కనిపించింది? తెల్లబడే క్రీమ్ ప్రకటనలో మాత్రం కనిపిస్తది, "వాడక ముందు" అనే బొమ్మలో. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. 2020లో "ఫెయిర్" తీసేసి "గ్లో" అని పెట్టుకున్నది. పేరు మారినా, తండాకు వచ్చే పెళ్ళిచూపులోళ్ళ ప్రశ్న మారలే. ఆ ప్రశ్న ఉన్నన్ని రోజులు మన ఆడపిల్లలు ట్యూబులు కొంటనే ఉంటరు. కంపెనీ వాళ్ళు మన అక్క దగ్గరకు వచ్చింది ఆమె అందం చూసి కాదు, ఆమె మాట నమ్మే చెల్లెళ్ళు వందల మంది ఉన్నరని. ఆ నమ్మకాన్ని పదిహేను వందలకు కొన్నరు. మస్తు అగ్గువ.

పైసల లెక్క ఇంకొకటి. సర్కారు 2024లో హాస్టల్ పిల్లల కాస్మెటిక్ చార్జీలు పెంచింది. ఎనిమిది నుంచి పది తరగతుల ఆడపిల్లలకు నెలకు 75 రూపాయలు ఉండేది, 275 అయింది. సబ్బు, షాంపూ, నూనె, అన్నీ దాంట్లోనే. ఆ 320 రూపాయల ట్యూబ్ ఒక పిల్ల నెల లెక్క కంటే ఎక్కువ. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఆమె ఒక క్రీమ్ పడకపోతే అవతల పారేసి ఇంకోటి కొంటది. మన చెల్లె పారెయ్యలేదు. "పడలేదు" అనే మాట ముందే వినడం మనకు ఎక్కువ అవసరం.

ఇది మొకం మచ్చలతో ఆగుతదని కూడా అనుకోవద్దు. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ డాక్టర్లకు ఒక అనుమానం వచ్చింది. 2021 జులై నుంచి 2023 సెప్టెంబర్ దాకా ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని చూస్తే, 15 మందిలో మామూలుగా అరుదుగా కనిపించే రకం బయటపడ్డది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినమని చెప్పిన్రు. కారణం పాదరసం. పాదరసం చర్మంలో నల్లరంగు తయారు కాకుండా అడ్డుపడతది, అట్లనే చర్మం గుండా లోపలికి పోయి కిడ్నీలను పట్టుకుంటది. మన దేశంలో క్రీముల్లో పాదరసం కలపడం నిషేధం. కానీ తయారుచేసినోళ్ళ అడ్రస్ లేని, బ్యాచ్ నంబర్ లేని డబ్బాలు గాజుల దుకాణాల్లో, జాతర్లలో, ఫోన్ల మీద దొరుకుతనే ఉన్నయి. మన దగ్గర ఎవరికైనా కాళ్ళు, మొకం ఉబ్బి ఆసుపత్రికి పోతే "ఏం క్రీమ్ రాస్తున్నవ్?" అని అడిగేవాళ్ళు ఎంతమంది? మీరే చెప్పండి, డాక్టర్ అడగకపోయినా.

"కేసు వేస్తే?" అని భయపడేవాళ్ళ కోసం కొంచెం. ఈ భయం ఉత్తదేం కాదు. 2018లో ఒక యూట్యూబర్ పారాచూట్ కొబ్బరినూనె మీద విమర్శ వీడియో చేసిండు. కంపెనీ బాంబే హైకోర్టుకు పోయింది. 2020 జనవరిలో ఒక జడ్జి వీడియో తీసేయమన్నడు. లక్షల మంది నమ్మే మనిషి నోటికొచ్చింది చెప్పొద్దు, సరిగ్గా పరీక్ష చేసి మాట్లాడాలె అన్నది ఆ తీర్పులోని మాట. తర్వాత ఇద్దరు జడ్జిల బెంచ్ ఆ ఉత్తర్వును ఆపింది, కొన్ని భాగాలు తీసేసి వీడియో పెట్టుకోనిచ్చింది. ఢిల్లీ హైకోర్టుకు ఒక ప్రోటీన్ పౌడర్ కంపెనీ కూడా పోయింది. ల్యాబ్ పరీక్షలు ముందు పెట్టుకొని మాట్లాడిన యూట్యూబర్ల వీడియోలు ఆపడానికి 2025 ఏప్రిల్‌లో ఆ కోర్టు ఒప్పుకోలే. ఈ రెండింటి నుంచి మాకు అర్థమైంది ఒకటే తేడా. "దీంట్ల విషం ఉన్నది" అనాలంటే చేతిలో పరీక్ష కాగితం ఉండాలె. "నేను ఇన్ని రోజులు రాసిన, నా మొకం ఇట్లయింది, డాక్టర్ ఇది చెప్పింది" అనడానికి మన మొకమే సాక్ష్యం. ఆ చెల్లె రెండో రకం మాటే మాట్లాడింది. చదువుకోకుండానే లాయర్ లెక్క మాట్లాడింది.

భయపడాల్సింది నిజానికి అవతలి దిక్కు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా, మళ్ళా చేస్తే 50 లక్షల దాకా. ప్రచారం చేసినవాళ్ళను కూడా ఏడాది పాటు, రెండోసారి అయితే మూడేండ్ల దాకా ప్రచారం చేయకుండా ఆపొచ్చు. పైసలు తీసుకున్నా, డబ్బా ఉచితంగా తీసుకున్నా, ఆ సంగతి అందరికీ కనిపించేటట్టు చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఇది తెలియక మన అక్కలు, తమ్ముళ్ళు ఇరుక్కుంటరు. కంపెనీ వాడు పక్కకు తప్పుకుంటడు, మొకం మాత్రం మనది ఉంటది. "ఇది నాకు ఊరికే ఇచ్చిన్రు" అని ఒక్క ముక్క చెప్పడానికి నామోషీ ఎందుకు?

ఒక తమ్ముడు మంచి ప్రశ్న అడిగిండు. మన మహిళా సంఘం వాళ్ళు చేసిన సబ్బో, గిరిజన కార్పొరేషన్ సబ్బో బాగా లేకపోతే అది కూడా చెప్పాల్నా అని. దీని మీద మాలోనే రాత్రి పన్నెండు దాకా కొట్లాట. ఒకరేమో చిన్నోళ్ళది ముందు వాళ్ళకే చెప్పాలె, బజార్లో పెట్టొద్దు అన్నరు. ఇంకొకరు, మన యాడి అదే సబ్బు రాసుకుంటది కదా, ఆమెకు ఎవరు చెప్తరు అన్నరు. చివరికి మేము ఒప్పుకున్నది ఇది: సబ్బు నురగ రాకపోతే, వాసన నచ్చకపోతే చేసినోళ్ళకు చెప్పి, బాగుచేసుకోవడానికి టైమ్ ఇద్దాం. ఒంటికి దద్దు వస్తే మాత్రం అదే రోజు అందరికీ చెప్పాలె, అది మనోళ్ళ సబ్బైనా సరే. ఐదుగురిలో ఒకరు ఇంకా ఒప్పుకోలేదు. ఆ సంగతి కూడా రాయమన్నరు.

తిట్టడం వేరే సంగతి. "థూ, మోసం" అని అరిచే వీడియోలు కూడా ఉన్నయి, అవి కూడా చూపుల కోసమే. ఫోన్లోని ఫిల్టర్ పెట్టి, రింగ్ లైట్ పెట్టి "పనిచేయలేదు" అనేవాళ్ళు కూడా ఉన్నరు. లైట్ లేకుండా, పొద్దుగాల కిటికీ దగ్గర, మొదటి రోజు ఫోటో, ఆఖరి రోజు ఫోటో. ఏ పేరు, ఎన్ని రోజులు, పక్కన ఇంకేం రాసినం, ఎక్కడ కొన్నం, ఎవరు పైసలు పెట్టిన్రు. ఇంత చెప్తే చాలు. వినేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తేల్చుకుంటరు, మనోళ్ళకు ఆ మాత్రం తెలివి ఉన్నది.

చెల్లె మొకం ఇప్పుడు కొంచెం నయం. డాక్టరమ్మ మెల్లమెల్లగా తగ్గిస్తున్నది, నెలలు పడతదట. పోయిన ఆదివారం మళ్ళా ఆమె దగ్గరకు పోయినం. ఆ వీడియో ఫోన్లో ఉంటే మళ్ళా పెట్టమని అడిగినం. అక్క కూడా పక్కన కూర్చొని తన సంగతి చెప్తానన్నదని చెప్పినం. చెల్లె ఒక నిమిషం ఆలోచించి, "పెడత. కానీ ముందు మీరు చెప్పుండ్రి, నాతోని తీసేయించింది ఎవరో" అన్నది.

అందుకే ఈ పోస్టు. తీసేయమన్నది మేమే, చెల్లే. అందరి ముందు ఒప్పుకుంటున్నం.