యాభై అయిదు అంతస్తుల వరి

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు టాపిక్ అడిగిన రోజున మా టీమ్ నలుగురం కాగితం మీద రాసిచ్చింది ఇదీ: "బందరు తీరంలో 5,000 మందికి స్వయంసమృద్ధ భవన నగరం." ఇళ్లు, బడి, ఆస్పత్రి, బజారు, పొలం, కరెంటు, నీళ్లు అన్నీ ఒకే బిల్డింగులో. బయటినుంచి ఏదీ తెచ్చుకోనక్కర్లేదు. తుఫాను వచ్చినా తలుపులేసుకుని కూర్చోవచ్చు. మాది చిలకలపూడి కాబట్టి ఆ చివరి పాయింటు నేను చేర్చిందే. ఇప్పుడు ఆ టాపిక్ మార్చుకున్నాం. ఎందుకు మార్చుకున్నామో చెబుదామనే ఈ వ్యాసం.

ఇలాంటి భవనాలకి ఆర్కాలజీ అని పేరు పెట్టింది పావలో సొలేరి అనే ఇటలీ ఆర్కిటెక్టు. ఆర్కిటెక్చర్, ఎకాలజీ రెండూ కలిపి ఆ మాట చేశాడు. 1970లో అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఆర్కోసాంటి అనే ఊరు కట్టడం మొదలుపెట్టాడు. 5,000 మంది కోసమని ప్లాను. (మా 5,000 అక్కణ్ణుంచి కొట్టేసిందే.) ఆయన 2013లో పోయాడు, ఊరు మాత్రం ఇప్పటికీ కొన్ని పదుల మంది దగ్గరే ఆగి ఉంది. ఇక సౌదీ అరేబియా వాళ్లు 2021లో ప్రకటించిన "ది లైన్" మీ అందరికీ తెలిసిందే. 170 కిలోమీటర్ల పొడవు, 90 లక్షల మంది. దాని యానిమేషన్ వీడియోలు చూసే మేం ఈ టాపిక్ ఎంచుకున్నాం, ఒప్పుకుంటున్నా.

సొలేరి మాటల్లో తప్పు పట్టలేనిది ఒకటుంది. ఊరు అడ్డంగా పాకితే పొలాలు పోతాయి, నడిచి వెళ్లాల్సిన చోటికి బండి కావాల్సి వస్తుంది అన్నాడు. గుడివాడ నుంచి బందరు వరకు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూడండి. నిన్నటి వరిచేలో ఇవాళ హద్దు రాళ్లు, రంగు జెండాలు. ఆ సంగతిలో నేను సొలేరి పక్షమే. మూడు సెంట్ల ఇల్లు వంద కట్టే బదులు నాలుగైదు అంతస్తుల్లో కడితే ఆయకట్టు మిగులుతుంది. నా గొడవ అంతా "స్వయంసమృద్ధ" అనే ఒక్క మాటతోనే.

ఆ మాటని లెక్కలో పెట్టి చూద్దామని ఒక రాత్రి హాస్టల్లో కూర్చున్నాం. మనిషికి ఏడాదికి 100 కిలోల బియ్యం అనుకున్నాం. 5,000 మందికి 500 టన్నులు. మా వైపు బాగా పండితే ఎకరానికి 30 బస్తాలు, బస్తా 75 కిలోలు. మర ఆడిస్తే ఎకరానికి సుమారు 15 క్వింటాళ్ల బియ్యం. అంటే పదిహేను మందికి ఒక ఎకరం, మొత్తం 333 ఎకరాలు. "లోపల వానా ఎండా మన చేతిలోనే కదరా, ఏడాదికి మూడు పంటలు తీద్దాం" అన్నాడు మావాడొకడు. సరే, 110 ఎకరాలకి దిగింది. అంతస్తుకి రెండెకరాలు వేసుకుంటే 55 అంతస్తులు ఒక్క వరికే. మనుషులు ఇంకా బిల్డింగులోకి రానే లేదు. పప్పూ నూనే కూరగాయలూ ఊసే లేదు.

అక్కడికీ తగ్గలేదు మేం. 55 అంతస్తులే కదా, దుబాయ్‌లో లేవా అనుకున్నాం. ఆగిపోయింది వెలుతురు దగ్గర. పై అంతస్తుకి తప్ప మిగతా వాటికి ఎండ తగలదు. ఎల్‌ఈడీ లైట్లు పెట్టాలి. ఎంత పొదుపుగా వేసినా వరికి చదరపు మీటరుకి రోజుకి మూడు యూనిట్లు కావాలి. 110 ఎకరాలంటే దాదాపు నాలుగున్నర లక్షల చదరపు మీటర్లు. రోజుకి 13 లక్షల యూనిట్లు! అదే 5,000 మంది ఉండే 1,250 ఇళ్లకి, ఇంటికి నెలకి 300 యూనిట్ల చొప్పున వేసినా, రోజుకి 12,500 యూనిట్లు చాలు. మనుషులకంటే వరికి నూరు రెట్ల కరెంటు. పోనీ సోలార్ పెడదామంటే, కిలోవాటు ప్యానెళ్లు రోజుకి నాలుగు యూనిట్లు ఇస్తాయి, మెగావాటుకి నాలుగెకరాలు కావాలి. మొత్తం 1,300 ఎకరాల పైనే. బయట 1,300 ఎకరాల మీద పడే ఎండని పట్టి, తీగల్లో లోపలికి పంపి, 110 ఎకరాల్లో వరి పండిస్తామన్నమాట. ఆ ఎండ నేరుగా చేలో పడితే 333 ఎకరాల్లో, మూడు పంటలక్కర్లేకుండా ఒక్క సార్వాకే అంత బియ్యమూ వస్తుంది. లెక్క చూసి కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత మావాడు "టీ తాగొద్దాం పదండి" అన్నాడు.

ఇది మా నలుగురి చేతకానితనం కాదు. నిజంగా తలుపులేసుకుని చూసినవాళ్లు ఉన్నారు. అదే అరిజోనాలో బయోస్ఫియర్ 2 అని మూడెకరాల పైచిలుకు గాజు భవనం కట్టి, 1991 సెప్టెంబరులో ఎనిమిది మంది రెండేళ్ల కోసం లోపలికి వెళ్లారు. బరువు తగ్గారు. అది సరే, ఆక్సిజన్ 21 శాతం నుంచి 14 దగ్గరికి పడిపోయింది. మట్టిలో సూక్ష్మజీవులు ఆక్సిజన్ వాడేసి కార్బన్ డయాక్సైడ్ వదిలాయి, దాన్ని మళ్లీ మొక్కలకి అందకుండా గోడల కాంక్రీటు పీల్చేసుకుంది. కార్బొనేషన్ అని మనం కాంక్రీట్ టెక్నాలజీలో రెండు మార్కుల ప్రశ్నకి చదివేది ఇదే. 1993 జనవరిలో బయటినుంచి ఆక్సిజన్ పంపాల్సి వచ్చింది.

థర్మోడైనమిక్స్‌లో మొదటి రోజే సిస్టమ్ బౌండరీ గీయమంటారు. ఎక్కడ గీశామో చెప్పకుండా ఏ లెక్కా చెయ్యకూడదు. పెద్ద భవనాల గురించి మాట్లాడేటప్పుడు ఆ గీత కాంపౌండు గోడ దగ్గర ఆగిపోతుంది. హైదరాబాదులో మా పిన్ని వాళ్లుండేది ఇలాంటి టవర్‌లోనే. సూపర్ మార్కెట్, జిమ్, క్లినిక్, పిల్లలకి ట్యూషన్, మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటు, అన్నీ లోపలే. "గేటు దాటే పనే లేదురా" అంటుంది పిన్ని. నిజమే. కానీ ఆ నగరం తాగే నీళ్లలో పెద్ద వాటా 2004 నుంచి నాగార్జున సాగర్‌దే. నల్లగొండ వైపు కోదండాపురంలో శుద్ధి చేసి, నూరు కిలోమీటర్లకు పైగా ఎత్తుకి తోడి పంపుతారు. అది తప్పని నేననను. దాహానికి ఎవరైనా తాగాల్సిందే. కాకపోతే అదే కృష్ణకి ఇటు చివర్న ఉన్నవాణ్ణి కాబట్టి నాకు పిన్ని గేటు కనిపించదు, పైపు కనిపిస్తుంది.

మాది శివారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన బందరు కాలవ మా దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఇచ్చి మిగిలింది వస్తుంది. బోరు వేస్తే ఉప్పునీళ్లు. కాలవ నీటితో తరకటూరు చెరువు నింపితేనే బందరుకి వేసవిలో తాగునీళ్లు. పులిచింతల, పట్టిసీమ లాంటి పేర్లు మిగతావాళ్లకి వార్తలు, మాకు కుళాయి వచ్చే టైము. స్వయంసమృద్ధి అన్న మాట శివారులో పుట్టినవాడికి ఎప్పటికీ నోట్లోంచి రాకూడదు, నాకెలా వచ్చిందో! మా వీధిలో రోల్డ్‌గోల్డ్ గాజు కూడా ఒక ఇంట్లో తయారవదు. తీగ ఒకరు లాగుతారు, రాళ్లు ఒకరు పొదుగుతారు, పూత ఇంకొకరు వేస్తారు.

ఇక నేను చేర్చిన ఆ తుఫాను పాయింటు. మా అమ్మమ్మది దివిసీమ, కోడూరు వైపు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు ఊళ్లో డాబా అనేది ఉన్న ఒకరింటి మీదకెక్కి బతికారు. ప్రభుత్వం లెక్కలోనే దాదాపు పదివేల మంది పోయారు. ఆ తర్వాతే మన తీరమంతా స్తంభాల మీద ఎత్తుగా తుఫాను షెల్టర్లు వచ్చాయి. అమ్మమ్మ ఎన్నిసార్లు ఎక్కి దిగిందో ఆమెకే గుర్తులేదు. మా డ్రాయింగు చూపించి, "అమ్మమ్మా, ఇందులోనే ఉండిపోవచ్చు, దిగక్కర్లేదు" అన్నాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "గేదెలెక్కడరా?" అంది.

నవ్వాను గానీ, ఆ ప్రశ్నకి మా దగ్గరే కాదు, ఇప్పుడున్న షెల్టర్లలో చాలావాటి దగ్గర కూడా జవాబు లేదు. గేదెల్ని వదిలి రాలేకే చాలామంది చివరి నిమిషం వరకు ఇంట్లోనే ఉండిపోతారు. మా దగ్గర్లో ఒక ఊళ్లో షెల్టరు చూడ్డానికి వెళ్తే తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే గంట పట్టింది. పైన ట్యాంకు పగిలి ఉంది. అయిదొందల మందికి మూడు రోజులు తాగడానికి మనిషికి రోజుకి మూడు లీటర్లు వేసినా 4,500 లీటర్లు. 300 చదరపు మీటర్ల స్లాబు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 6,000 లీటర్లు. తుఫాను రోజున ఆ వాన గంటలో పడుతుంది. ఒక పైపు, ఒక ఫిల్టరు, ఒక సంపు చాలు. ఫ్యాన్లు కాదు, నాలుగు లైట్లు, ఫోన్ల చార్జింగు, ఒక వైర్‌లెస్ సెట్టు నడవడానికి రెండు కిలోవాట్ల సోలారు, బ్యాటరీలు.

మూడు రోజులపాటు ఒక భవనం తనని తాను చూసుకోగలదు. అది మన చేతుల్లో ఉన్న ఇంజినీరింగే. మూడొందల ఏళ్లపాటు చూసుకునే భవనం గీయడం తేలిక, ఎవరూ వచ్చి తాళం అడగరు కాబట్టి.

కొత్త టాపిక్ చెప్పినప్పుడు మా గైడు గారు "ఇంత చిన్నదా?" అన్నారు. టీమ్‌లో ఒకడికి ఇంకా కోపం తగ్గలేదు. వాడు 3డీ మోడల్ సగం చేసేశాడు మరి. వచ్చే ఆదివారం టేపు పట్టుకుని మళ్లీ షెల్టరుకి వెళ్తున్నాం. కింద స్తంభాల మధ్య గేదెలకి మట్టి దిబ్బ ఎంత ఎత్తు పోయాలో, ర్యాంపు వాలు ఎంత ఉంటే అవి ఎక్కుతాయో కొలవాలి. వాలు సంగతి కోడ్ బుక్కులో దొరకలేదు. అమ్మమ్మని వెంట తీసుకెళ్తున్నాం.