అంకె పెద్దది, గొట్టం చిన్నది

“మాస్టారూ! 20 బోరు తుపాకి 12 బోరు కంటే పెద్దదే కదండీ?” అని తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు అడిగాడు. చాలామంది పెద్దలు కూడా అలాగే పొరబడతారు.

ఒక పౌను సీసాన్ని, అంటే 453.6 గ్రాములను, 12 సమానమైన గుండ్లుగా పోశామనుకోండి. ఆ గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోరు. దాని వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. అదే సీసాన్ని 20 గుండ్లు చేస్తే ఒక్కొక్కటి చిన్నదవుతుంది. కాబట్టి 20 బోరు గొట్టం 15.6 మిల్లీమీటర్లు, 28 బోరు 14 మిల్లీమీటర్లే.

ఈ చిన్న బోరు తుపాకులు ఒకప్పుడు కంజుపిట్టల వంటి చిన్న పక్షుల వేటకు పనికివచ్చేవి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ ఆ సరదాకు తెర దించాయి. మంచి పనే జరిగింది.

ఇక మిగిలింది క్రీడ. హైటెక్ సిటీకి దగ్గరలో, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆవరణలో షూటింగ్ రేంజి ఉంది. ఈ క్రీడలో గాలిలోకి ఎగిరే మట్టిపిట్టను కొట్టాలి. అది 11 సెంటీమీటర్ల పళ్లెం. మన హైదరాబాదు క్రీడాకారుడు కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈ విద్యతోనే జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచాడు.

“పిల్లలకు చిన్న బోరు ఇస్తే చాలు, భుజానికి తన్నదు” అంటారు కొందరు. లెక్క చూద్దాం. ఒలింపిక్ పోటీల్లో తూటాకు 24 గ్రాముల గుళ్లు మించరాదు. అవి సెకనుకు 400 మీటర్ల వేగంతో పోతే, మందు వాయువుల సంగతి వదిలేసినా, 3.2 కిలోల తుపాకి సెకనుకు 3 మీటర్ల వేగంతో వెనక్కి తన్నుతుంది. 28 బోరులో సాధారణంగా 21 గ్రాములు వేస్తారు. తుపాకి కూడా తేలికై 2.8 కిలోలే ఉంటే? మళ్లీ అదే 3 మీటర్లు! తన్నును నిర్ణయించేది బోరు కాదు, బరువుల నిష్పత్తి. కనుక నేర్చుకునేవారికి గుళ్లు తగ్గించాలి గాని, తుపాకిని మరీ తేలిక చేయరాదు.

గుళ్లు తగ్గించడంలో మరో మేలుంది. స్కీట్ ఆటలో ఒక రౌండుకు 25 తూటాలు. 24 గ్రాముల చొప్పున 600 గ్రాముల సీసం నేలపాలు. పక్షులకు పళ్లుండవు, గింజలు నలగడానికి చిన్న రాళ్లు మింగుతాయి. రాయనుకొని సీసపు గుండు మింగితే ఆ విషం రక్తంలో కలుస్తుంది. అందుకే అమెరికా 1991లో నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లను నిషేధించింది.

ఆ విశ్వవిద్యాలయ ఆవరణలోనే చెరువులున్నాయి, నెమళ్లున్నాయి. ఏ రేంజి అయినా సరే, రాలిన సీసాన్ని క్రమంగా ఏరి శుభ్రం చేయడం ఆటలో భాగం కావాలని నా అభిప్రాయం. మట్టిపిట్ట పగలాలి, ప్రాణమున్న పిట్ట బతకాలి. గురి అంటే అదీ!