సైబర్ భద్రత: ఫీజు కట్టేముందు ఒక్క మాట

డిగ్రీ పరీక్షల ఫలితాలు వెలువడగానే మన వాడలలో ఇప్పుడు ఒక చదువు పేరు ఎక్కువగా వినిపిస్తున్నది. అది సైబర్ సెక్యూరిటీ. కుట్టుపనితో కుటుంబాన్ని పోషిస్తున్న ఒక తండ్రి ఇటీవల ఒక శిక్షణ సంస్థ కరపత్రం పట్టుకొని మా వద్దకు వచ్చారు. బి.ఎస్సీ. పూర్తిచేసిన కుమార్తెను అందులో చేర్పించడానికి ఇంట్లోని బంగారు గాజులు తాకట్టు పెట్టాలని ఆయన ఆలోచన. ఆరు నెలలలో సి.ఐ.ఎస్.ఎస్.పి. ధ్రువపత్రం, ఆ వెంటనే ఉద్యోగం అని ఆ కరపత్రం హామీ ఇస్తున్నది. నిజానికి ఆ ధ్రువపత్రం పూర్తిగా చేతికి రావాలంటే ఈ రంగంలో ఐదేళ్ళ పని అనుభవం ఉండాలి. తగిన డిగ్రీ ఉన్నవారికి ఒక ఏడాది మాత్రమే మినహాయింపు. ఈ సంగతి చెప్పగానే ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, “అయితే భాయీసాబ్, ఈ చదువే మోసమా?” అని అడిగారు.

చదువు మోసం కాదు. ఆయనకు చూపిన దారి తప్పు. ఇటువంటి ప్రశ్నతో ఉన్న కుటుంబాలు ఇంకా ఎన్నో ఉన్నందున దానికి మా సమాధానాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాము.

ఈ రంగంలో మనుషుల అవసరం వాస్తవమైనదే. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లపై దాడి జరిగినప్పుడు రోగుల నమోదును కొన్నాళ్ళపాటు కాగితాలపై చేతితో చేయవలసి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం, సైబర్ దాడి జరిగినట్లు గుర్తించిన ఆరు గంటలలోగా సంస్థలు దానిని తెలియజేయాలి. కంప్యూటర్ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ప్రజల వ్యక్తిగత సమాచారాన్ని కాపాడేందుకు తగిన జాగ్రత్తలు తీసుకోని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించడానికి 2023 నాటి చట్టం వీలు కల్పించింది. ఈ బాధ్యతలన్నీ ఎవరో ఒకరు కూర్చొని నిర్వర్తించవలసినవే.

ఆ పని ఎలా ఉంటుంది? ప్రభుత్వ కార్యాలయాలలో జీవితం గడిపిన మా బోటివారికి అది మరీ కొత్తదిగా తోచదు. ఏ కాగితం ఎప్పుడు వచ్చిందో తపాలు రిజిస్టరు చెబుతుంది. ఎవరు ఎప్పుడు బయటికి వెళ్ళారో మూవ్‌మెంట్ రిజిస్టరు చెబుతుంది. ఫైలు మాయమైతే ముందుగా తిరగేసేది ఆ రిజిస్టర్లనే. కంప్యూటరు తనంతట తాను రాసుకొనే ఇటువంటి రిజిస్టరే లాగ్. భద్రతా పర్యవేక్షణ కేంద్రాలలో కొత్తగా చేరినవారు షిఫ్టుల వారీగా వీటినే పరిశీలిస్తారు. అర్ధరాత్రి రెండు గంటలకు ఒక ఉద్యోగి ఖాతాలోకి మరో దేశం నుండి ఎవరో ప్రవేశించారు. అది ప్రమాదమా, కాదా? తేల్చుకొని, నాలుగు వాక్యాలలో స్పష్టంగా రాసి పై అధికారికి పంపాలి.

ఇందుకు మొదట కావలసినది నెట్‌వర్కింగ్. ఐ.పి. చిరునామా, పోర్టు, డి.ఎన్.ఎస్. అంటే ఏమిటో పుస్తకం చూడకుండా చెప్పగలగాలి. రెండవది లినక్స్, విండోస్ వ్యవస్థలపై పట్టు. మూడవది పైథాన్, వేల వరుసల లాగ్‌లోనుండి కావలసినదానిని ఏరే చిన్న ప్రోగ్రామునైనా సొంతంగా రాయగలగాలి. నాలుగవది తప్పులు లేని ఇంగ్లీషులో నివేదిక రాయగల నేర్పు. క్లౌడ్ భద్రత, వెబ్ అప్లికేషన్ల పరీక్ష వంటి ప్రత్యేక విద్యలు ఈ పునాది పడిన తరువాతే. బి.కాం., న్యాయశాస్త్రం చదివినవారికి కూడా ఇక్కడ చోటున్నది. సంస్థ నడక చట్టాలకు, నిబంధనలకు అనుగుణంగా ఉన్నదో లేదో తనిఖీ చేసే పనికి వారి చదువు అక్కరకు వస్తుంది.

వీటన్నింటితోపాటు క్రమం తప్పని అలవాటు ఉండాలి. 2017 మే నెలలో వన్నాక్రై అనేక దేశాలలోని కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ విడుదల చేసింది. ఎందరో దానిని తమ యంత్రాలలో సకాలంలో వేసుకోకపోవడమే ఆ నష్టానికి దారితీసింది.

ఈ పునాది వేసుకోవడానికి గాజులు తాకట్టు పెట్టనక్కరలేదు. లినక్స్, వైర్‌షార్క్ ఉచితంగా లభిస్తాయి. స్వయం వేదికపై పాఠాలు, సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ తొలి కోర్సులు, పోర్ట్‌స్విగర్ వారి వెబ్ సెక్యూరిటీ అభ్యాసాలు కూడా ఉచితమే. ఒక పాత కంప్యూటరు, రోజుకు రెండు గంటలు చాలు. ఆరు నెలల తరువాత కూడా ఆసక్తి నిలిచి ఉంటే, అప్పుడు సెక్యూరిటీ ప్లస్ వంటి ప్రారంభస్థాయి పరీక్షకు ఫీజు కట్టడం గురించి ఆలోచించవచ్చు. ఏ సంస్థ ఉద్యోగానికి హామీ ఇచ్చినా ఆ హామీని కాగితంపై రాసి ఇమ్మని, అక్కడ చదివి ఉద్యోగం పొందిన ముగ్గురితో మాట్లాడించమని తల్లిదండ్రులు అడగాలి.

పిల్లలకు ఒక హెచ్చరిక కూడా చేయాలి. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులోకి దురుద్దేశంతో ప్రవేశిస్తే ఐ.టి. చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. సరదాకు చేశామంటే పోలీసు కేసు ఆగదు. కేసు పడినవారికి ఈ రంగంలో తలుపులు మూసుకుపోతాయి. ఇతరుల తాళంచెవులు చేతిలో పెట్టుకొని చేసే ఉద్యోగమిది. అమానత్ అంటే ఏమిటో మన ఇళ్ళలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక మన కమిటీల వంతు. హైదరాబాదు కంపెనీలలో ఈ పని చేస్తున్న మన యువతీయువకులను నెలకొక ఆదివారం పిలిచి పిల్లల ముందు కూర్చోబెట్టండి. కమిటీ హాలులో రెండు కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఏర్పాటు చేయండి. ఆడపిల్లలకు విడిగా సమయం కేటాయించండి.

ఆ తండ్రి గాజులు తాకట్టు పెట్టలేదు. ఆయన కుమార్తె ప్రస్తుతం బంధువులిచ్చిన పాత ల్యాప్‌టాప్‌పై లినక్స్ నేర్చుకుంటున్నది. ఉద్యోగం వస్తుందని ఆమెకు మేము హామీ ఇవ్వలేము. ఆ ఇంటిపై అప్పు భారం మాత్రం పడలేదు.